పక్క తడిపే పిల్లవాణ్ని పెళ్ళికి తీసుకెళ్ళవచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. మా బాబుకు ఎనిమిదిన్నరేళ్ళు. చిన్నప్పటి నుంచి పక్క తడపడం మానలేదు. ఇప్పటికీ వారానికి నాలుగైదు రాత్రులు తడుపుతాడు. పగటిపూట ఏ ఇబ్బందీ లేదు. నెలన్నరలో, నడి మే నెలలో, తిరుపతిలో మా ఆడబిడ్డ పెళ్ళి ఉంది. పద్నాలుగు మందిమి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ప్రయాణం చేసి వెళ్ళాలి. రెండు రాత్రులు కల్యాణమండపంలో, ఒక రాత్రి కొండమీద ఉండి, వచ్చేటప్పుడు కడపలో మా పెద్దమ్మ ఇంట్లో రెండు రోజులు ఆగాలి. మోకాళ్ళ నొప్పులతో పెళ్ళికి రాలేని మా అమ్మ నంద్యాలలో ఉంటుంది కాబట్టి బాబును ఆమె దగ్గర వదిలి రమ్మని మా అత్తమ్మ అంటున్నారు. పెళ్ళివారి ముందు పరువు పోతుందని, కొండమీద మైల అవుతుందని ఆమె భయం. మా ఆయన ఏమీ మాట్లాడరు. సాయంత్రం ఆరు దాటితే నీళ్ళు ఇవ్వకుండా చూశాను, అయినా తగ్గలేదు. మందుల షాపులో ఒక మాత్ర ఉందని చెప్పారు. వాడికి టికెట్టు తీయాలా వద్దా అన్నదే ఇంట్లో ఇంకా తేలలేదు. మొన్న రాత్రి వాడు "అమ్మా, అత్త పెళ్ళి ఫొటోల్లో నేను ఉండనా?" అని అడిగాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

సమాధానం: అమ్మా, ముందుగా టికెట్టు తీయండి. అర టికెట్టు కాదు, పూర్తి టికెట్టే తీయండి. అయిదేళ్ళు నిండి పన్నెండేళ్ళ లోపున్న పిల్లలకు సగం ఛార్జీ కడితే రైల్లో విడిగా బెర్తు ఇవ్వరు. బెర్తు కావాలంటే పెద్దవాళ్ళ ఛార్జీ కట్టాలన్న నిబంధన 2016 నుంచి అమలులో ఉంది. ఆ కొంచెం డబ్బు మిగులుతుందని మీ బెర్తులోనే పక్కన పడుకోబెట్టుకుంటే ఇద్దరూ తడుస్తారు, ఇద్దరికీ నిద్ర ఉండదు, పైగా "నా వల్ల అమ్మ కూడా తడిసింది" అన్న బాధ వాడికి అదనంగా మిగులుతుంది. వాడికంటూ ఒక బెర్తు ఉండాలి, అది క్రింది బెర్తు అయి ఉండాలి. పిల్లవాణ్ని పెళ్ళికి తీసుకెళ్ళాలా వద్దా అన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఆరు రాత్రులను ఎలా దాటించాలన్నదే మనం ఆలోచించవలసింది.

అంతకంటే ముందు మీ ఇంట్లోవాళ్ళకు తెలియవలసిన సంగతి ఒకటుంది. పక్క తడపడం బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. సాధారణంగా రాత్రివేళ మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలై మూత్రం తయారయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. కొందరు పిల్లల్లో ఆ హార్మోను రాత్రిపూట చాలినంత ఊరక పగటిలాగే మూత్రం తయారవుతూ ఉంటుంది. కొందరిలో మూత్రాశయం వయసుకు తగినంత పట్టదు. ఈ రెంటిలో ఏది ఉన్నా, మూత్రాశయం నిండిందన్న కబురు అందినప్పుడు మెలకువ వస్తే ఇబ్బంది ఉండదు, కానీ ఈ పిల్లలకు ఆ మెలకువ రాదు. అయిదేళ్ళ వయసులో నూరుమంది పిల్లల్లో సుమారు 15 మంది, పదేళ్ళ వయసులో సుమారు అయిదుగురు ఇలా పక్క తడుపుతూనే ఉంటారు. ఏ చికిత్సా లేకపోయినా ఏటా వీరిలో నూటికి 15 మందికి దానంతటదే తగ్గిపోతుంది. మీ బాబు చదివే బడిలోనే, వాడి ఈడువాళ్ళలోనే, ఈ రహస్యాన్ని కడుపులో దాచుకుని తిరిగే పిల్లలు ఇంకొందరు తప్పకుండా ఉంటారు.

ఇది వంశంలో వస్తుంది. తల్లిదండ్రుల్లో ఎవరికీ చిన్నప్పుడు ఈ సమస్య లేకపోతే పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 15 పాళ్ళు, ఒకరికి ఉంటే సుమారు 44, ఇద్దరికీ ఉంటే సుమారు 77. అందుకే మీ ఆయన మౌనం గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర నేను కొంతసేపు ఆగాను. మీ అత్తమ్మ తీరికగా కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఎదురు ప్రశ్నలా కాకుండా, మామూలుగా అడిగి చూడండి: "అత్తమ్మా, మీ అబ్బాయి ఎన్నేళ్ళప్పుడు పక్క తడపడం మానినాడు?" అని. ఆమె కొంచెం ఆలోచించి చెప్పే జవాబుతో చాలా ఇళ్ళలో ఈ గొడవ సగం సద్దుమణగడం నేను చూశాను. ఒకవేళ మీ ఆయనకు కూడా చిన్నప్పుడు ఉండి ఉంటే, ఆ మాట ఆయనే స్వయంగా బాబుకు చెప్పాలి. "నాకూ ఇట్లే ఉండె, నాలుగో తరగతిలోనో అయిదులోనో పోయింది" అని తండ్రి నోట విన్న పిల్లవాడికి కలిగే ధైర్యం నాలాంటి డాక్టరు ఎంత చెప్పినా కలగదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను పిల్లల డాక్టరును కావడానికి చాలా ముందే ఈ సమస్యను మా ఇంట్లో చూశాను. మా తమ్ముడు తొమ్మిదేళ్ళ దాకా పక్క తడిపేవాడు. ఎండాకాలం సెలవులకు అనంతపురం దగ్గర పల్లెలో మా జేజి ఇంటికి వెళితే రాత్రుళ్ళు పిల్లలందరం మిద్దె మీద వరుసగా పడుకునేవాళ్ళం. ఒక తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చి చూస్తే, వాడు తడిసిన బొంతను నాలుగు మడతలు పెట్టి, తన బరువులో సగం ఉన్న దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని, చప్పుడు కాకుండా ఒక్కొక్క మెట్టే దిగుతున్నాడు. దాన్ని గడ్డివామి వెనక దాచాడు. రెండు రోజులకు వాసన వచ్చి దొరికిపోయాడు. మా చిన్నాయన అట్లకాడ తెప్పించి వాత పెడతానని బెదిరించాడు. నిజంగా పెట్టేవాడు కాదు, పిల్లవాడు భయంతో మానేస్తాడని ఆయన నమ్మకం. ఆ తర్వాత వాడు సెలవుల్లో ఏ ఊరికీ రానన్నాడు, మూడేళ్ళు రాలేదు కూడా. వాడి సమస్య పదో ఏట దానంతటదే పోయింది. ఆ మూడు ఎండాకాలాలు మాత్రం మా జేజితో గడపకుండానే పోయాయి, తర్వాత ఆమే పోయింది.

ఇక పనిలోకి వద్దాం. నెలన్నర గడువు ఉండడం మంచిదే. ఈ వారంలోనే బాబును పిల్లల డాక్టరుకు చూపించండి. కర్నూలు సర్వజన వైద్యశాలలో పిల్లల విభాగం ఉంది, లేదా మీరు మామూలుగా వెళ్ళే చోటికైనా వెళ్ళవచ్చు. ఒక మూత్రపరీక్ష చాలావరకు సరిపోతుంది. కొన్ని విషయాలు మాత్రం అడగకపోయినా మీరే చెప్పాలి: మూత్రం పోసేటప్పుడు మంట ఉందా, దాహం విపరీతంగా ఉందా, బరువు తగ్గుతున్నాడా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నాడా, ధార సన్నగా వస్తోందా, నడకలో ఏదైనా తేడా ఉందా అన్నవి. వీటిలో ఏది ఉన్నా సంగతి వేరుగా చూడాలి. ఆరు నెలలు గానీ అంతకంటే ఎక్కువ కాలం గానీ బాగుండి హఠాత్తుగా మళ్ళీ మొదలైనా అంతే. మీ ఉత్తరాన్ని బట్టి మీ బాబుకు మొదటి నుంచీ ఉన్నది, పగటి ఇబ్బంది లేదు, కాబట్టి భయపడవలసిన రకం కాకపోవచ్చు. అయినా ఒకసారి చూపించి నిర్ధారించుకుంటే ప్రయాణంలో మీ మనసుకు కుదురుగా ఉంటుంది.

ఉత్తరంలో మీరు రాయనిది, దాదాపు ఏ తల్లీ రాయనిది, మలబద్ధకం. మలం గట్టిపడి పేగులో నిలిచిపోతే అది పక్కనే ఉన్న మూత్రాశయాన్ని ఒత్తుతుంది. ఒత్తిడికి మూత్రాశయం తొందరగా నిండినట్టై, పట్టవలసినంత పట్టదు. మలబద్ధకాన్ని సరిచేస్తే కొందరు పిల్లల్లో పక్క తడపడం గణనీయంగా తగ్గిపోతుంది. బాబు రోజూ దొడ్డికి వెళుతున్నాడా, వెళ్ళినప్పుడు కష్టపడుతున్నాడా అన్నది ఈ రోజు నుంచే గమనించండి. మనవైపు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, జామకాయ ఇవన్నీ ఇంట్లో ఉండేవే కాబట్టి వాటిని పెంచండి, చాలకపోతే డాక్టరును అడిగి మందు వాడండి. ఇది పెళ్ళి విషయానికి ఎందుకు ముఖ్యమంటే, మండపాల్లో మరుగుదొడ్లు చూసి పిల్లలు మొహం తిప్పుకుంటారు, రెండు రోజులు బిగబట్టుకుంటారు, పైగా తినేదంతా లడ్లు, పూరీలు, మైదా. మూడో రాత్రికి పక్క తడవడం ఎక్కువైతే అందరూ అలసట అనుకుంటారు గానీ కారణం చాలాసార్లు ఇదే. మండపంలో జనం లేవకముందే, తెల్లవారుజామున శుభ్రంగా ఉన్నప్పుడే, వాళ్ళ నాయన వాణ్ని తీసుకెళ్ళి తలుపు దగ్గర నిలబడితే వాడు నిమ్మళంగా వెళ్ళివస్తాడు.

నీళ్ళ సంగతి. సాయంత్రం ఆరు నుంచి నీళ్ళు ఆపారని రాశారు. దయచేసి అలా చేయకండి. కర్నూలు ఎండలో, అదీ మే నెలలో, ఇది ప్రమాదకరం. మా ఆసుపత్రికి అనంతపురం దగ్గరి ఊరి నుంచి ఒక పిల్లవాణ్ని తెచ్చారు, పెదవులు పగిలి, మూత్రం చిక్కగా పసుపుపచ్చగా మారి, పోస్తే మంట అని ఏడుస్తున్నాడు. పక్క తడపకుండా ఉండాలని ఇంట్లో వారం రోజులుగా మధ్యాహ్నం నుంచే నీళ్ళు కొలిచి ఇస్తున్నారు. అన్ని రోజులూ వాడు పక్క తడుపుతూనే ఉన్నాడు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, మూత్రాశయానికి నిండుగా పట్టే అలవాటు కూడా పోతుంది. చేయవలసింది నీళ్ళు తగ్గించడం కాదు, వేళ మార్చడం. రోజు మొత్తంలో తాగేదాన్ని పది భాగాలు అనుకుంటే నాలుగు భాగాలు మధ్యాహ్నంలోపు, నాలుగు భాగాలు మధ్యాహ్నం నుంచి సాయంత్రం అయిదు దాకా, మిగిలిన రెండు భాగాలు ఆ తర్వాత తాగేలా చూడండి. రాత్రి దాహమైతే రెండు గుక్కలు ఇవ్వండి, కాదనకండి. టీ, కాఫీ, నల్లటి కూల్‌డ్రింకులు సాయంత్రం పూర్తిగా మాన్పించండి, వాటిలోని కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది. రాత్రి భోజనంలో అప్పడాలు, ఊరగాయలు, వడియాలు తగ్గించండి, ఉప్పు తింటే దాహమవుతుంది. పగలు రెండు మూడు గంటలకొకసారి, తొందర లేకపోయినా, మూత్రానికి వెళ్ళి రావాలి. ఈ అలవాటు ఇప్పుడే మొదలుపెడితే పెళ్ళి నాటికి కుదురుకుంటుంది.

మీకు వీలైతే ఒక చిన్న పని చేయండి. ఒక ఆదివారం పగలు బాబు ఎంత మూత్రం పోస్తున్నాడో ఒక కొలత గ్లాసులో చూసి, ప్రతిసారీ కాగితం మీద రాసుకోండి. పిల్లల మూత్రాశయం ఎంత పట్టాలన్నదానికి మేం వాడే లెక్క సులభమైనది: వయసుకు ఒకటి కలిపి 30 తో హెచ్చించాలి. ఎనిమిదేళ్ళకు 270 మిల్లీలీటర్లు. మీ బాబు ఎప్పుడు చూసినా 120, 130 మాత్రమే పోస్తుంటే మూత్రాశయం పట్టడం తక్కువని, 250 దాటుతుంటే రాత్రి తయారయ్యే మూత్రమే ఎక్కువని ఒక అంచనాకు రావచ్చు. ఈ కాగితం డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది, ముఖ్యంగా మాత్ర విషయంలో.

ఆ మాత్ర పేరు డెస్మోప్రెసిన్ అయి ఉండాలి. ఇందాక చెప్పిన వాసోప్రెసిన్ పనినే అది చేస్తుంది, రాత్రి మూత్రాన్ని తగ్గిస్తుంది. ప్రయాణాలకు, బయట నిద్రించవలసిన రాత్రులకు డాక్టర్లు దీన్ని రాయడం కద్దు, నేనూ రాస్తాను. కానీ మందుల షాపులో అడిగి కొని వేసే మందు ఇది కాదు. పడుకోవడానికి గంట ముందు వేసి, వేయడానికి గంట ముందు నుంచి వేసిన తర్వాత ఎనిమిది గంటల దాకా నీళ్ళు బాగా తగ్గించాలి, ఒక్క గ్లాసుకు మించకూడదు. మాత్ర వేసిన తర్వాత పిల్లవాడు ఎక్కువగా నీళ్ళు తాగితే ఆ నీరు బయటికి పోలేక రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. ముక్కులో కొట్టే రూపంలో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించడంతో 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని పక్క తడపడానికి వాడకూడదని నిర్ణయించింది. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్న రోజున మాత్ర వేయకూడదు. పెళ్ళింట్లో రాత్రి పదింటికి ఎవరో ఒకరు వాడి చేతిలో షర్బతు పెడతారు, పదకొండింటికి ఇంకొకరు కూల్‌డ్రింకు పెడతారు. అందువల్ల నా మాట ఏమిటంటే, డాక్టరు రాస్తేనే, అదీ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు ఇంట్లో వేసి చూసి, పనిచేస్తోందని, ఇబ్బంది లేదని తేలితేనే, పెళ్ళిలో వాడండి. మొదటి మాత్రను రైల్లో వేయకండి.

పక్క తడవగానే మోగి నిద్ర లేపే అలారం ఒకటి ఉంది. దీర్ఘకాలంలో అదే మంచి చికిత్స, కానీ ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది. పద్నాలుగు మంది మధ్యలో దాన్ని మోగించే ఆలోచన ఇప్పుడు వద్దు, తిరిగి వచ్చాక జూన్‌లో మొదలుపెట్టవచ్చు.

ఇక సంచీ. దీన్ని మీరు ఒక్కరే సర్దకండి, బాబుతో కలిసి సర్దండి. పురిటి పిల్లల కింద వేసే రబ్బరు షీట్లు రెండు కొనండి. పాత నూలు చీరలు రెండు తీసి ఒక్కొక్కదాన్ని నాలుగు మడతలు చేయండి. పరిచే పద్ధతి ఇది: అడుగున ఒక రబ్బరు షీటు, దానిమీద ఒక చీర మడత, దానిమీద రెండో రబ్బరు షీటు, అన్నిటికంటే పైన రెండో చీర మడత. రాత్రి తడిస్తే పై చీరను, పై షీటును కలిపి ఒక్కసారిగా చుట్టి తీసేస్తే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. దీపం వేయనక్కరలేదు, ఎవరినీ లేపనక్కరలేదు, రెండు నిమిషాల్లో మళ్ళీ పడుకోవచ్చు. పాత చీర అంటున్నానంటే ఊరికే కాదు, కొత్త దుప్పటి కంటే ఉతికి ఉతికి మెత్తబడిన నూలు తడిని త్వరగా పీల్చి త్వరగా ఆరుతుంది. ముదురు రంగు నిక్కర్లు మూడు, చిన్న టార్చి, ఒక తువ్వాలు, గట్టిగా మూతపడే ప్లాస్టిక్ కవర్లు నాలుగు, ఒక సబ్బు ఉంటే చాలు. పెద్దపిల్లలకు సరిపోయే ప్యాంటు డైపర్లు కూడా దొరుకుతున్నాయి. చాలామంది తల్లులు వీటిని తగని పనిలా చూస్తారు గానీ నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆరు రాత్రులు వాడితే అలవాటు పడిపోడు. కానీ వేసుకోవాలా వద్దా అన్నది బాబు నిర్ణయించాలి, బలవంతం పనికిరాదు. కొనే ముందు నడుము కొలత చూసుకోండి, బిగుతుగా ఉంటే పక్కల నుంచి కారుతుంది.

ప్రయాణానికి ముందు రెండు శనివారాలు మీ మిద్దె మీద ఇలాగే పరిచి పడుకోబెట్టండి. టార్చి ఎక్కడుంది, పై పొర ఎలా తీయాలి, కవరులో ఎలా పెట్టాలి అన్నది వాడి చేతులకు అలవాటు కావాలి. తన పని తాను చేసుకోగలనని తెలిసిన పిల్లవాడు అమ్మను లేపడానికి భయపడడు, బొంతను దాచడు.

రైలు రాత్రి గురించి మీరు ఎక్కువగా భయపడుతున్నారు. నిజానికి అన్నిటిలోకి అదే తేలిక. స్లీపర్ బెర్తు మీద రెక్సిన్ ఉంటుంది, తడిసినా తుడిస్తే పోతుంది, మరుగుదొడ్డి పెట్టెలోనే ఉంది. క్రింది బెర్తు ఎందుకంటే, మధ్య బెర్తులోనో పై బెర్తులోనో తడిస్తే కింద పడుకున్నవారి మీద పడుతుంది, పైగా నిద్రమత్తులో దిగడం పిల్లవాడికి కష్టం. పద్నాలుగు మందిలో ఎవరికి ఏ బెర్తు వచ్చినా మీలో మీరు సర్దుకుని తలుపుకు దగ్గరగా ఉన్న క్రింది బెర్తు వాడికి ఇవ్వండి. బండి కర్నూలుకు పొద్దుపోయాకే వస్తుంది. స్టేషన్ బెంచీ మీద వాణ్ని నిద్రపోనివ్వకండి, నిద్రలో ఎత్తుకుని ఎక్కిస్తే మూత్రానికి వెళ్ళకుండానే రాత్రి మొదలవుతుంది. ఇంట్లో బయల్దేరేముందు ఒకసారి, బండి కదిలాక పడుకోబోయే ముందు ఇంకొకసారి వెళ్ళనివ్వండి. మధ్యలో ఒక్కసారి లేపితే చాలు. మీ ఫోను చప్పుడు లేకుండా కంపించేలా పెట్టి దిండు కింద ఉంచుకోండి. లేపడమంటే పూర్తిగా లేపాలి. భుజాన వేసుకుని తీసుకెళ్ళి నిద్రలోనే పోయించడం వల్ల ఉపయోగం లేదు, వాడు కళ్ళు తెరిచి, పేరు పిలిస్తే పలికి, తన కాళ్ళ మీద తాను నడవాలి. ఇలా లేపడం చికిత్స కాదు, ఆ రాత్రికి పక్క పొడిగా ఉంచే ఉపాయం మాత్రమే. ప్రయాణానికి ఆ ఉపాయమే కావాలి.

మండపంలో పిల్లలందరినీ ఒక హాల్లో జంఖానాల మీద వరుసగా పడుకోబెడతారు. బాబును వరుస మధ్యలో కాకుండా గోడవైపు చివరన, పక్కన వాళ్ళ నాయన పడుకునేలా చూసుకోండి. "వాడికి వాళ్ళ నాయన పక్కనే నిద్ర పడుతుంది" అంటే ఎవరూ ఇంకో మాట అడగరు, అది అబద్ధం కూడా కాదు. మండపం పరుపులు వాడకండి, మీ పక్క మీరు పరుచుకోండి. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే మీ అవస్థ సగం తీరుతుంది, మూడింటికి అందరూ లేస్తారు, అప్పుడే స్నానాలు. పిల్లలు బాగా అలసిపోయిన రాత్రి నిద్ర మరింత గాఢంగా ఉంటుంది, కాబట్టి మెహందీ, సంగీత్ అని అర్ధరాత్రి దాకా గంతులు వేసిన రోజు తడవడం ఖాయమనుకుని సిద్ధపడండి, అప్పుడు తడిసినా మీకు కోపం రాదు.

కొండమీద మైల అన్న మాటకు నేను పండితురాలిగా కాదు, భక్తురాలిగా జవాబు చెబుతున్నాను. దర్శనానికి వెళ్ళేముందు ఎవరైనా స్నానం చేసే వెళతారు, బాబు కూడా స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకుని వెళతాడు. ఒడిలో పసిబిడ్డలతో వచ్చే తల్లులు క్యూలో ఎంతమంది ఉంటారో మీ అత్తమ్మకు తెలియనిది కాదు. నిద్రలో తనకు తెలియకుండా జరిగినదానికి ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ని స్వామి దూరం పెడతాడని నేను నమ్మను. కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టే ముందు మూత్రానికి వెళ్ళి రావడం మరచిపోకండి. గదిలో మీ షీటే పరచండి.

నిజమైన కష్టం కడపలో మీ పెద్దమ్మ ఇంట్లో వస్తుంది. అక్కడ దూది పరుపు ఉంటుంది, మన మీద ప్రేమ ఉంటుంది, అందుకే మొహమాటమూ ఉంటుంది. ఆమెకు ముందుగా ఫోనులో చెప్పండి. చెప్పే ముందు బాబును అడగండి: "అవ్వకు ఒక్కదానికే చెబుతా, సరేనా?" అని. వాడి రహస్యం వాడిది, వాడు వద్దంటే చెప్పకండి, కింద చాప మీద పడుకోండి. చెప్పినట్టయితే, ఉతకడానికి బయటి కొళాయి దగ్గర చోటు, ఆరేయడానికి మిద్దె మీద ఒక మూల అడగండి, అంతకుమించి ఏమీ అక్కర్లేదు. పొరపాటున పరుపు తడిస్తే పొడి బట్టతో గట్టిగా అద్ది, తడి పీల్చుకున్నాక వంటసోడా చల్లి నాలుగైదు గంటలు ఎండలో పెట్టి దులపండి, వాసన పోతుంది. బట్టలను మొదట చన్నీళ్ళలో జాడించి తర్వాత సబ్బు పెట్టండి.

మరొక సంగతి ముందుగా తెలిసి ఉండాలి. కొందరు పిల్లలు కొత్త చోట మొదటి రెండు మూడు రాత్రులు పక్క తడపరు. నిద్ర అంత గాఢంగా పట్టకపోవడం వల్ల అలా జరుగుతుంది. అది చూసి ఎవరో ఒకరు "చూశారా, ఇంట్లో కావాలనే చేస్తున్నాడు" అంటారు. ఆ మాట వాడి చెవిన పడనివ్వకండి, మీరూ నమ్మకండి. తడవని రోజున మరీ మెచ్చుకోకండి, తడిసిన రోజున వాడికి అది ఎదురుదెబ్బ అవుతుంది. తన పక్క తాను తీసుకున్నందుకు, మరచిపోకుండా మూత్రానికి వెళ్ళినందుకు మెచ్చుకోండి, అవి వాడి చేతిలో ఉన్న పనులు.

వరసైన పిల్లలెవరికైనా తెలిసి ఎగతాళి చేస్తే వాడికి ఒక జవాబు సిద్ధంగా ఉండాలి. "నిద్రలో నాకు తెలియకుండా అవుతుంది. డాక్టరమ్మ తగ్గుతుందని చెప్పింది" అన్న రెండు వాక్యాలు చాలు. ఇంట్లో నాలుగైదుసార్లు అనిపించండి, గొంతు వణకకుండా వచ్చే దాకా. పెద్దవాళ్ళలో ఎవరైనా ఎగతాళి చేస్తే మాత్రం జవాబు వాడు చెప్పనక్కరలేదు, వాళ్ళ నాయన చెప్పాలి. మీ ఆయన ఇప్పటిదాకా మాట్లాడలేదని రాశారు. ఆయన మాట్లాడవలసిన చోటు అదే.

ఇక వాడు మొన్న రాత్రి అడిగిన ప్రశ్న. ఈ సాయంత్రమే మీ ఆయన్ను కూర్చోబెట్టి టికెట్లు తీయించండి. తీశాక ఫోనును బాబు చేతికిచ్చి, పదిహేను పేర్లలో తన పేరు ఎక్కడుందో వాణ్నే వెతుక్కోమనండి. పేరు పక్కన బెర్తు అంకె ఉంటుంది. దాన్ని వాడు చదివాక, ఫొటోల్లో ఏ చొక్కా వేసుకుంటాడో అడగండి.